జీవో 3 తెస్తామంటారు సరే, ఏ దారిన?

ఏజెన్సీలో ఏ సభ జరిగినా మన ఎమ్మెల్యేల నోట రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. రోడ్డు, మంచినీళ్ళు, సెల్ టవరు, అంబులెన్సు గురించి అడిగితే ‘ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్తాను’ అంటారు. టీచరు ఉద్యోగాల గురించి అడిగితే ‘జీవో 3ని మళ్ళీ తెస్తాం’ అంటారు. మొదటి మాట విని విని విసిగిపోయాం. రెండో మాటకు మాత్రం ఇంకా చప్పట్లు కొడుతున్నాం. ఆ చప్పట్లు ఆపి ఒక్క ప్రశ్న అడగమని మన యువకులనూ, ఉపాధ్యాయులనూ కోరుతున్నాం. తెస్తారు సరే, ఏ దారిన తెస్తారు?

అసలు జరిగినదేమిటో ముందు చూద్దాం. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో జీవో 275, దాని తర్వాత 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. ఎవరో దయతలచి ఇచ్చినవి కావివి. కొండ మీది బడికి పోస్టింగు వేస్తే రాని టీచరు, వచ్చినా పిల్లల మాట అర్థంకాని టీచరు, ఏడాది తిరక్కుండానే మైదానానికి బదిలీ వేయించుకునే టీచరు, వీళ్ళ వల్ల మూతపడిన బడులే ఆ జీవోలను రప్పించాయి. మైదానం నుంచి వచ్చినవారంతా చెడ్డవారని మేమనం. మన పిల్లలకు అక్షరాలు దిద్దించి, మన మధ్యనే ఉండిపోయిన పెద్దమనుషులూ ఉన్నారు. కాని బడి నిలబడడం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు గదా. జీవో 3తో మన ఊరి పిల్లే టీచరమ్మ అయింది. బడికొచ్చిన మొదటి రోజు బిడ్డ ఏ భాషలో ఏడ్చినా ఆమెకు అర్థమైంది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు పోస్టులూ ఒకరికే ఇవ్వడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. ఐదో షెడ్యూలు 5(1) పేరా కింద గవర్నరు చట్టసభలు చేసిన చట్టాలను మన ప్రాంతానికి వర్తించకుండా ఆపవచ్చు, మార్చవచ్చు. అంతే తప్ప ఆ పేరా కింద కొత్త నిబంధనలు చేయడానికి లేదంది. ఆ అధికారం 5(2) పేరాలో ఉందని చెబుతూనే, ఏ పేరా కింద చేసినా ప్రాథమిక హక్కులను దాటడానికి వీల్లేదంది.

ఆ తీర్పులో సభలమీద ఎవరూ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. అప్పటికే జీవోల కింద ఉద్యోగాల్లో చేరినవారిని కోర్టు తొలగించలేదు. కాని ఒక షరతు పెట్టింది. ప్రభుత్వాలు మళ్ళీ ఇలాగే రిజర్వేషను పరిమితి దాటే ప్రయత్నం చేస్తే 1986 నుంచి చేరినవారికి ఇచ్చిన ఆ రక్షణ కూడా ఉండదని హెచ్చరించింది. అంటే పాత జీవోనే కొత్త నంబరుతో తెస్తే కొత్త ఉద్యోగాలు రాకపోగా, ఉన్న మన టీచర్ల ఉద్యోగాలకే ముప్పు వస్తుంది. ఇది తెలిసీ చెప్పకుండా ‘మళ్ళీ తెస్తాం’ అనే నాయకుడు మనల్ని మోసం చేస్తున్నాడు. తెలియకుండా అంటున్నాడంటే తన పని తాను చేయడం లేదు.

మరి ఆయన పని ఏమిటి? ‘మేం ఏడుగురం, అసెంబ్లీలో 175 మంది, మా మాట ఎవరు వింటారు?’ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ సీట్లు ఏడే, నిజమే. కాని మన మాటే మెజారిటీగా ఉండాలని రాజ్యాంగం ఒక చోటు పెట్టింది. అదే గిరిజన సలహా మండలి, మనం టీఏసీ అనేది. ఐదో షెడ్యూలు 4వ పేరా ప్రకారం అందులో 20 మందికి మించకుండా సభ్యులుంటారు. వారిలో సాధ్యమైనంత వరకు నాలుగింట మూడొంతులు అసెంబ్లీలోని ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. ఎమ్మెల్యేలు సరిపోకపోతే ఆ మిగతా స్థానాలను గిరిజనులతోనే నింపాలి. ఈ మండలిని సంప్రదించకుండా గవర్నరు 5(2) కింద ఏ నిబంధనా చేయడానికి లేదు.

‘పార్టీ మాట దాటలేం’ అని ఇంకో సాకు. పార్టీ విప్ సభలో వేసే ఓటుకు సంబంధించింది. టీఏసీలో నోరు విప్పినందుకు ఎవరి సభ్యత్వమూ పోదు. పోయేదల్లా పెద్దల దగ్గర మంచిపేరు. ఆ మంచిపేరు కోసమా మనం ఓట్లు వేసింది?

గవర్నరు అడిగితేనే టీఏసీ సలహా ఇవ్వాలి గదా అని వాదించేవారున్నారు. రాజ్యాంగంలో అలాగే ఉంది. అడిగించమనే మేమంటున్నాం. ‘ఈ విషయం మా మండలికి పంపండి’ అని ఏడుగురూ పార్టీలకతీతంగా ఒక్క కాగితం మీద సంతకం పెట్టి గవర్నరుకు ఇవ్వవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్ళడమంటే ఇదీ. మంత్రిగారికి శాలువా కప్పి అర్జీ ఇవ్వడం కాదు.

ఆ కాగితంలో ఏముండాలో కూడా చెబుతాం. మొదటిది భాష. పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. కువి, సవర, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలున్న బడిలో ఆ భాష వచ్చి ఉండటాన్ని పోస్టుకు అర్హతగా పెట్టాలి. కులం అడగనక్కర్లేదు, భాష అడిగితే చాలు. రెండోది లెక్కలు. 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు 50 శాతం పరిమితి పెడుతూనే, మారుమూల ప్రాంతాల ప్రజల విషయంలో చాలా జాగ్రత్తగా కొంత సడలింపు ఉండవచ్చని ఒక సందు వదిలింది. 2020 హెచ్చరిక తర్వాత ఆ సందు ఎంతవరకు పనికొస్తుందో న్యాయనిపుణులతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అది చాలదంటే పార్లమెంటు రాజ్యాంగ సవరణే దారి అని ధైర్యంగా చెప్పాలి. మూడోది, ఇప్పుడున్న మన టీచర్లకు దెబ్బ తగిలే ఏ అడుగూ వేయకూడదు.

2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. బీఈడీ, డీఈడీ చదివి సంతలో కూలికి పోతున్న మన పిల్లలు ఎంతమందో ఆ ప్రకటన చూసి లెక్కపెట్టుకున్నారు. ప్రతి డీఎస్సీకి ఒక వయసు దాటిపోతుంది. ఐదేళ్ళకోసారి వచ్చే హామీ కోసం ఆ వయసు ఆగదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులారా, ఐదో షెడ్యూలు నాలుగు పేజీలకు మించదు. హాస్టలు పిల్లలచేత చదివించండి. యువకులారా, టీఏసీ ఎప్పుడెప్పుడు కూర్చుంది, అందులో మన ఎమ్మెల్యే ఏం మాట్లాడారు, ఆ మినిట్సు ఇవ్వండి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో చదవండి. ఏమీ మాట్లాడలేదని తేలితే అదీ చదవండి. ఈసారి వేదిక మీంచి ‘జీవో 3 తెస్తాం’ అని వినబడగానే చేతులు కట్టుకుని కూర్చోండి. ఏ దారిన తెస్తారో చెప్పేదాకా చప్పట్లు కొట్టకండి.