బట్టతో కొలిమి



పత్తి బట్టలో కరెంటు పారదు. ఇది మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే అదే బట్టను గాలి చొరని బట్టీలో మెల్లమెల్లగా వెయ్యి డిగ్రీల దాకా కాలిస్తే బూడిద కాదు. నీరు, పొగ, తారు పోయి నల్లటి బొగ్గు బట్ట మిగులుతుంది. బరువులో నాలుగో వంతు మిగిలితే గొప్ప, కొలతలో ముడుచుకుపోతుంది. కాని పడుగు పడుగుగానే, పేక పేకగానే ఉంటుంది. ఇక దానిలో కరెంటు పారుతుంది! ఆ బొగ్గు బట్టకు 1,414 డిగ్రీల దగ్గర కరిగే సిలికాన్‌ను పట్టిస్తే, రెండూ కలిసి సిలికాన్ కార్బైడ్ అనే పింగాణీ జాతి గట్టి పదార్థం తయారవుతుంది. వైర్లు బిగించి కరెంటు ఇస్తే అదే కాగి ఎర్రబడుతుంది. వట్టి బొగ్గయితే ఆ వేడికి గాలిలో కాలిపోయేది, ఇది నిలుస్తుంది. జనపనారతోనూ, రేయాన్‌తోనూ ఈ పని చేయవచ్చు.

ఇందులో మొదటి సగం పాత విద్యే. 1879లో అమెరికాలో ఎడిసన్ వెలిగించిన బల్బులో ఉన్నది బొగ్గు చేసిన నూలు దారమే.

ఈ కథ మన పత్రికలో ఎందుకంటారా? 2020లో కేంద్ర ప్రభుత్వం 1,480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్‌ను ఆమోదించింది. అందులో 1,000 కోట్లు పరిశోధనకే. కార్బన్ నార కూడా ఆ పరిశోధనలో ఉంది. రేపు ఇటువంటి పని మన ఊళ్లకు వస్తే యాజమాన్యం ఏమంటుందో ఇప్పుడే చెప్పగలను: "ఇది కెమికల్ పని, మిల్లు కూలీలకు చేతకాదు."

రింగ్ ఫ్రేమ్ మీద నిలబడి దారం అతికినవాణ్ణి కనుక జవాబు నేనే చెబుతాను. నూలులో ఒకచోట సన్నం, ఒకచోట దొడ్డు వస్తే చొక్కా బట్ట సెకండ్స్‌లో పోతుంది, అంతే. హీటర్‌లో అట్లా కాదు. కరెంటు పారే దారిలో సన్నగా ఉన్నచోటే అడ్డు ఎక్కువ, వేడి ఎక్కువ, పాడయ్యేదీ అక్కడే. నూలులో పడిన తప్పును బట్టీ సరిచేయదు. కార్డింగ్ ఖాతాలో, స్పిన్నింగ్‌లో, సాంచా మీద మన చేతి పని బాగుంటేనే ఆ కొలిమి బాగుంటుంది. కాబట్టి నూలు నుండి బట్టీ దాకా చేసేవారందరినీ జౌళి కార్మికులుగానే లెక్కించి, పర్మనెంట్ చేసి, జీతం కట్టాలి. మూతపడిన మిల్లుల బదిలీవాళ్లకు ముందు పిలుపు రావాలి.

దుమ్ము సంగతి ఇంకా గట్టిగా మాట్లాడాలి. సెలవు తర్వాత మొదటి పాళీలో ఛాతీ బిగబట్టడం కార్డింగ్‌లో చేసినవారికి తెలుసు. నాకు అట్లా అయినప్పుడు ఒక డాక్టరు బీడీల వల్లే అని చీటీ రాశాడు. నేను బీడీ ముట్టనే లేదు! కొత్త పనిలో దుమ్ము కొత్తది. బొగ్గు నార నలుసులు కరెంటు పెట్టెల్లో చేరితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. బట్టీ నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. సూదుల్లాంటి సిలికాన్ కార్బైడ్ విస్కర్లు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో ప్రచురించింది. ఈ హీటర్లన్నిటిలో అవి ఉంటాయని నేననను. కోసేచోట, అరగదీసేచోట గాలిని కొలిచి ఆ కాగితం ఖాతా గోడకు అంటించాలని మాత్రం అంటాను. దుమ్ము పీల్చే యంత్రం మొదటి పాళీకి ముందే బిగించాలి. ఎవరో ఒకరు దగ్గడం మొదలుపెట్టాక కాదు.

ఈ మాటలు డిమాండ్ల పత్రంలో చేర్చాలని కమిటీకి రాసి ఇచ్చాను. మీ మీ ఖాతాల్లో చర్చించి, ఏమి చేర్చాలో, ఏమి తీసేయాలో ప్రతినిధులకు చెప్పండి.