కనుమనాటి నిద్ర

కనుమనాడు కాకి అయినా కదలదంటారు. మా యింట్లో మా ఆవిడ మాత్రం కదులుతూనే వుండేది. కాలేజీకి సెలవులిచ్చారు సరే, వంటింటికి ఎవరిచ్చారు? రాత్రి అరిసెలు, తెల్లవారుజామున భోగిమంట, అర్ధరాత్రి దాకా చుట్టాలకు కాఫీలు!

క్రిందటేడు గారెలు వండుతూ కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరుగారు పరీక్షించి, "మందు కాదు, నిద్ర కావాలి" అన్నారు.

పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. కాఫీలోని కెఫీన్‌లో సగం సుమారు 5 గంటల తరువాత కూడా వొంట్లోనే వుంటుంది. అందుచేత ఈయేడు కాఫీ సాయంత్రం 4 గంటలతో సరి. రాత్రి 10 గంటలకు దీపాలార్పేశాం.

కనుమనాడు గారెలు నేనే వండాను. ఒక్కదానికీ చిల్లు నడిమికి రాలేదు. వంక పెట్టవలసిన మనిషి హాయిగా నిద్రపోతోంది.