గివ్ అప్ అంటే పైకి ఇవ్వడం కాదు

ఈసారి గోడపత్రికలో ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. ఇది పాఠం కాదు. వాటిని మన హాస్టల్లో నేర్చుకునే పద్ధతి మారాలని నా వాదన.

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఒక చిన్న క్రియ, దాని పక్కన అప్, ఆఫ్, ఆన్, అవుట్ లాంటి ఇంకో చిన్న మాట. రెండూ కలిస్తే చాలాసార్లు మూడో అర్థం పుడుతుంది. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. కానీ గివ్ అప్ అంటే పైకి ఇవ్వడం కాదు, చేతులెత్తేయడం. లుక్ అంటే చూడటం. లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం, లుక్ అప్ అంటే డిక్షనరీలో మాట చూడటం.

పరీక్షల ముందు మన స్టడీ అవర్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నోట్సులో మధ్యన గీత కొట్టి, ఎడమ పక్క వెర్బులు, కుడి పక్క అర్థాలు రాసుకుని ఊగుతూ బట్టీ పడతాం. పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్. పేపరు చేతికొచ్చేసరికి అన్నీ కలగాపులగం అయిపోతాయి. దీనికి మన తెలివితక్కువ కారణం కాదు. జాబితాలో అన్నీ పుట్‌లే, గుర్తు పెట్టుకోవడానికి ఏ ఆనవాలూ లేదు. వాక్యంలో అయితే ఉంటుంది. పుట్ ఆన్ దగ్గర స్వెట్టరు, పుట్ అవుట్ దగ్గర ఆర్పిన పొయ్యి, పుట్ ఆఫ్ దగ్గర వాయిదా పడ్డ ఆటలపోటీ ఉంటాయి. ఇక పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. అక్కడ మన దోమలు ఉంటాయి!

ఇవి కష్టమని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ అచ్చు వేశాడు. పరాయి వాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ కష్టం ఇలాంటి మాటలతోనేనని దాని ముందుమాటలో ఆయనే రాశాడు.

అయితే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. ఇలాంటివి మనం ఇంతకు ముందే ఒకసారి నేర్చుకున్నాం! మనలో చాలామందికి ఇంటి భాష తెలుగు కాదు. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. మా అమ్మానాన్నలు బడికి పోలేదు. తెలుగు పుస్తకం మా ఇంటికి నాతోనే వచ్చింది. మరి "చేయి చేసుకున్నాడు" అంటే కొట్టాడని మనకు ఎవరు చెప్పారు? చేయి తెలిసినా, చేసుకోవడం తెలిసినా ఆ అర్థం రాదు. ఎత్తిపొడవడంలో ఎత్తేదీ లేదు, పొడిచేదీ లేదు. వెనకేసుకు రావడం అంటే మూట మోసుకు రావడం కాదు. వీటిని ఎవరూ జాబితా రాయించలేదు. ఆటల్లో విన్నాం, గొడవల్లో విన్నాం, వంటశాలలో విన్నాం. తర్వాత మనమూ అన్నాం. వచ్చేశాయి. అంటే పరాయి భాషలో రెండు మాటలు కలిసి మూడో అర్థం ఇచ్చే విద్య మనకు కొత్త కాదు. ఇంట్లోనే తెలుగు వచ్చిన పిల్లల కంటే మనకు ఈ అనుభవం ఒకటి ఎక్కువే ఉంది.

ఇంగ్లీషుకూ అదే దారి. మన హాస్టల్ రోజంతా ఫ్రేజల్ వెర్బ్సే. గంట కొట్టగానే వేక్ అప్, అంటే మెలకువ రావడం. గెట్ అప్ అంటే లేవడం. ఈ రెంటికీ మధ్య ఎంతసేపు పడుతుందో మేడమ్ గారికే తెలుసు! బకెట్ నింపితే ఫిల్ అప్. ట్యాంకులో నీళ్ళు అయిపోతే వుయ్ రాన్ అవుట్ ఆఫ్ వాటర్. నోట్సులు దిద్దడానికి ఇస్తే హ్యాండ్ ఇన్. చెల్లికి జ్వరం వస్తే లుక్ ఆఫ్టర్.

వ్యాకరణం కూడా వాక్యంలోనే తెలుస్తుంది. స్విచ్ ఆఫ్ ద లైట్ అనొచ్చు, స్విచ్ ద లైట్ ఆఫ్ అనొచ్చు. కానీ లైట్ బదులు ఇట్ వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. స్విచ్ ఇట్ ఆఫ్ అనాలి, స్విచ్ ఆఫ్ ఇట్ అనకూడదు. లుక్ ఆఫ్టర్ అలా విడిపోదు. లుక్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో జాబితా చెప్పదు.

ఇవి వాడుక మాటలు, పరీక్షలో పెద్ద మాటలు రాస్తేనే గొప్ప అని కొందరు అక్కలు అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. సెలవు చీటీలో, దరఖాస్తులో పోస్ట్‌పోన్ రాయడం బాగుంటుంది. మనుషులతో మాట్లాడేటప్పుడు పుట్ ఆఫ్ తెలియాలి. తెలుగులో సహించడం ఉంది, ఓర్చుకోవడమూ ఉంది. ఒకటి తెలిస్తే రెండోది వద్దని ఎవరైనా అంటారా?

ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. టెన్త్‌లో ఒక్క ఇంగ్లీషు పోయినా టెన్త్ పోయినట్టే. మగపిల్లాడు పోతే మళ్ళీ కడతాడు. ఆడపిల్ల పోతే మిరప చేనుకు పంపుతారు, లేదంటే పెళ్ళి మాట ఎత్తుతారు. ఇలా ఆగిపోయిన అక్కలు మన ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళకు చదువు రాక కాదు.

కాబట్టి వార్డెన్ మేడమ్ గారికి మూడు విన్నపాలు.

ఒకటి. భోజనాల హాలు బోర్డులో ఒక మూల మాకు ఇవ్వండి. రోజుకు ఒక ఫ్రేజల్ వెర్బ్, మన హాస్టల్ సంగతితోనే ఒక పూర్తి వాక్యం రాస్తాం. ఆ రోజంతా దాన్నే వాడతాం.

రెండు. చిన్న తరగతుల చెల్లెళ్ళు అర్థం అడిగితే కోయలో చెప్పనివ్వండి. ఇంటి భాషలో అర్థమైంది ఇంగ్లీషులో నిలబడుతుంది. ఆ భాషను చూసి ఎవరూ నవ్వకూడదు.

మూడు. స్లిప్ టెస్టులో అర్థం అడగకుండా వాక్యం అడగమని ఇంగ్లీషు మేడమ్‌తో ఒక మాట చెప్పండి.

తోటి విద్యార్థినులకు ఒక్క మాట. వచ్చే గోడపత్రికకు తలా ఒక వాక్యం రాసి ఇవ్వండి. పుస్తకంలోది వద్దు, మన హాస్టల్‌దే కావాలి. నా వాదన నచ్చకపోతే అది కూడా రాయండి, ఇదే గోడకు అంటిద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని