పేరు పెట్టడమంటే బారసాల కాదు

కలకత్తా భవానీపూర్‌లో మా సందు చివర ఓ రావిచెట్టుంది. దాని మొదట్లో కుంకుమ, ఎర్రదారాలు, అగరొత్తులు మామూలే. నాకు మాత్రం దాని కింద రాలి కుళ్ళుతున్న ఆకుల మీదే ఆసక్తి! గుప్పెడు ఆకులు తెచ్చి తెల్ల పళ్ళెంలో దులిపితే, దుమ్ములోంచి నువ్వుగింజ కన్నా సన్నని నల్లపురుగులు కదుల్తాయి. తామర పురుగులు, అంటే థ్రిప్స్.

"మన మిరపని తిన్నది ఇదేరా, తగలబెట్టు" అన్నాడు ఊరినుంచి వచ్చిన బాబాయి. ఆయన కోపం నాకర్థమైంది. 2021లో గుంటూరు, ఖమ్మం రైతుల్ని ముంచిన నల్ల తామర పురుగు ఆయన రెండెకరాల పూతనీ మిగల్చలేదు. మందు మీద మందు కొట్టాడు, అప్పు మిగిలింది.

కానీ అది వేరు, ఇది వేరు. ఆకుచెత్తలో బతికేవి ఎక్కువగా ఫ్లియోథ్రిపిడే కుటుంబానివి. పొట్ట చివర చిన్న గొట్టం ఉంటుంది. కుళ్ళే ఆకుల మీది బూజే వీటి తిండి. కొన్ని బూజు పోగుల్లోని రసం పీలుస్తాయి, ఇడోలోథ్రిపినే ఉపకుటుంబంవి బూజు సిద్ధబీజాల్ని ఏకంగా మింగేస్తాయి. మిరపమొక్క పక్కనే ఉన్నా వీటికి దాంతో పనిలేదు. (మిరప పురుగు మాత్రం ప్యూపా దశలో చేలో మట్టిలోకి దిగుతుంది. అక్కడైతే బాబాయి అనుమానం సబబే.)

"ఈ పేర్లూ కుటుంబాలూ ఎవరిక్కావాలి?" అంటారు కొందరు, మన హేతువాద మిత్రుల్లో కూడా. మిరపని తిన్న ఆ పురుగు పేరు థ్రిప్స్ పార్విస్పినస్. కార్నీ అనే ఆయన 1922లో పెట్టాడు. అది మన దేశంలోకి వచ్చేసిందని శరీర లక్షణాలూ డీఎన్‌ఏ చూసి ప్రకటించింది ఇక్కడికి దగ్గర్లోనే, న్యూ ఆలీపూర్‌లో ఉన్న జువలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు. ఎప్పుడు? 2015లో! బెంగుళూరు బొప్పాయి మీద దొరికింది. ఆరేళ్ళు చేతిలో ఉన్నాయి. ఆ కబురు మిరపచేల దాకా చేరలేదు. వాస్తు సలహాలు మాత్రం ఊరూరా చేరతాయి.

నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. బూజు తినే థ్రిప్స్‌లో ఒకే జాతి మగవాటిలో కొన్ని భారీగా, కొన్ని పీలగా ఉంటాయి. కొన్నిటికి రెక్కలుంటాయి, కొన్నిటికుండవు. పూర్వం వీటిని వేర్వేరు జాతులనుకుని వేర్వేరు పేర్లు పెట్టారు. తర్వాత వరసగా నమూనాలు పోల్చి చూసి ఎన్నో పేర్లు కొట్టేశారు. ఈ పురుగుల మీదే జీవితం గడిపి, జువలాజికల్ సర్వే డైరెక్టరుగా కూడా చేసిన టి.ఎన్. అనంతకృష్ణన్ గారు పెట్టిన పేర్లలోనూ కొన్ని అలా పోయాయి. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు! అంత పెద్దాయన చెప్పారు కదా అని ఎవరూ ఆగలేదు. మ్యూజియంలో గాజుపలక మీద మూలనమూనా ఉంటుంది, అనుమానమున్నవాడు వెళ్ళి చూసుకోవచ్చు. మన శబ్దప్రమాణం పండితుల్ని ఇలాంటి గాజుపలక ఒకటి చూపించమనండి.

బాబాయికి భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"దీనికి తోక దగ్గర గొట్టముందేంట్రా. మా చేలో దానికుంటుందా?"

ఉండదన్నాను.

"మరి మాకెవరూ చెప్పలేదే" అన్నాడు.