మూడో బాణం ఎవరిది?

‘బాహుబలి 2’ (2017)లో దేవసేనకు కత్తీ వచ్చు, విల్లూ వచ్చు. ఆమె కుంతల రాజ్యం మీద దాడి జరిగిన రాత్రి ఒకేసారి రెండు బాణాలు వదులుతుంది. మూడోది ఎలా వేయాలో మాత్రం బాహుబలే నేర్పాలి. ఆ తర్వాత ఆడవాళ్ల మీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లు నరుకుతుంది. నరకాల్సింది వేళ్లు కాదంటూ నిండు సభలో వాడి తల తెగ్గొట్టేది మళ్లీ భర్తే. ఈలలన్నీ ఆయన ఖాతాలోకే!

నాయికే కథను నడపడం మనకు అలవాటు లేక కాదు. 1990లోనే ‘కర్తవ్యం’ సినిమాను పోలీసు అధికారి వైజయంతిగా విజయశాంతి తన భుజాల మీద మోసింది, జాతీయ ఉత్తమ నటి అవార్డూ తెచ్చుకుంది. 2009లో ‘అరుంధతి’లో అనుష్క జేజమ్మకు జనం బ్రహ్మరథం పట్టారు. అయినా నాయిక కథ అనగానే నిర్మాతలు ఇప్పటికీ ‘ప్రయోగం’ అంటారు.

వీడియో గేముల్లో జబ్బు వేరు. 1996లో వచ్చిన ‘టూంబ్ రైడర్’ లారా క్రాఫ్ట్ సాహసాల కంటే ఒంటి కొలతలకే ఎక్కువ ప్రచారం దక్కింది. 2013 నాటికి ఆమెను దెబ్బలు తగిలే, భయపడే, తేరుకునే మనిషిగా మలిచారు.

పుణె స్టూడియో నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ ఇంకా నచ్చుతుంది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం త్రిశూలం పట్టుకుని బయల్దేరే పిల్ల కథ అది. రుద్రమదేవి పుట్టిన నేల మీద అలాంటి గేమ్ తీయడానికి హైదరాబాద్ స్టూడియోలకు అడ్డేమిటో!