ఏనుగు అడవిలోనే ఉండిపోయింది!

ఏనుగుని పెట్టి సినిమా తీస్తే డబ్బులొస్తాయని మన నిర్మాతలకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు లెండి! చిన్నప్ప దేవర్ గారు 1971లో రాజేష్ ఖన్నాని, నాలుగు ఏనుగుల్ని కలిపి ‘హాథీ మేరే సాథీ’ తీస్తే జనం విరగబడి చూశారు. మరుసటి యేడే అది ఎం.జి.ఆర్.తో తమిళంలో ‘నల్ల నేరం’ అయింది. మన అన్నగారు 1977లో ‘అడవి రాముడు’గా ముదుమలై అడవుల్లో ఏనుగుల మధ్య తిరిగితే బాక్సాఫీసు ఏమైపోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయితే వీళ్ళందరికంటే చాలా ముందే ఏనుగు మీద కూర్చుని ప్రపంచాన్నంతా జయించిన హీరో ఒకడున్నాడు. అతను రాజకుమారుడూ కాదు, పెద్ద నటుడి కొడుకూ కాదు. మన పొరుగున ఉన్న మైసూరు అడవుల్లో పుట్టిన ఒక మావటివాడి కొడుకు. పేరు సాబు. సినిమాలోకి వచ్చేనాటికి పదకొండు పన్నెండేళ్ళ కుర్రాడు. ఈ వారం అతని గురించి రాయాలనిపించింది. అతని కథ తెరమీద కథకంటే గొప్పది కాబట్టి కాదు. తెరమీద కథకి సరిగ్గా తలకిందులుగా జరిగింది కాబట్టి!

కారాపురం కుర్రాడు

మైసూరు సంస్థానంలో కబిని నది ఒడ్డున కారాపురం అని ఒక చిన్న ఊరు. 1924లో సాబు అక్కడ పుట్టాడు. తండ్రి మహారాజావారి ఏనుగులకు మావటి. పిల్లవాడికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన పోయాడు. తరవాత కుర్రాడికి రాజావారి గజశాలే ఇల్లయింది. ‘సాబు దస్తగిరి’ అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దస్తగిరి అన్న పేరు మన రాయలసీమ వారికి కొత్త కాదు కదా! నిజానికి అది సాబు అన్నగారి పేరు. ఎలాగో రెండూ కలిసిపోయి లోకానికి అదే ఇంటిపేరులా చెలామణీ అయిపోయింది.

అప్పట్లో ఆ అడవులకు పేరు తెచ్చింది ఖెడ్డా. అంటే అడవి ఏనుగుల మందని డప్పులతో, మంటలతో, వందలాది మంది చుట్టుముట్టి తరుముకొచ్చి, నది దాటించి, పెద్ద పెద్ద దుంగలతో కట్టిన దొడ్లోకి తోలి తలుపు దించెయ్యడం. ఆ తరవాత మచ్చికైన ఏనుగులు లోపలికి వెళ్ళి, కొత్తవాటిని అటొకటి ఇటొకటి నిలబడి అదిమి పట్టుకుంటే మావటీలు కాళ్ళకి తాళ్ళు వేసేవారు. సాండర్సన్ అనే దొరగారు 1874లో మైసూరులో ఈ పద్ధతిని నెగ్గించారు. కాకనకోటె అడవిలో జరిగే ఖెడ్డా చూడడానికి వైస్రాయిలు, విదేశీ రాజులు వచ్చేవారు.

దొరలు కథకోసం వచ్చారు

రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చయిన తన ‘జంగిల్ బుక్’లో తూమాయ్ అనే మావటి కుర్రాడి కథ ఒకటి రాశారు. తూమాయ్ ఏనుగు పేరు కాలానాగ్. దాన్ని పట్టినప్పుడు చూసినవాడు కుర్రాడి ముత్తాత. తరవాత తాత, తండ్రి, ఇప్పుడు వీడు. ఒకే ఏనుగు, నాలుగు తరాలు! ఇది కిప్లింగ్ గారి కల్పనే అయినా అబద్ధం కాదు. ఏనుగు అరవై డెబ్భై యేళ్ళు బతుకుతుంది. మావటి ఇంట్లో ఆస్తి అంటే పొలం కాదు, ఏనుగుతో ఉండే చనువు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది అదే.

ఈ కథని అలెగ్జాండర్ కోర్డా అనే లండన్ నిర్మాత సినిమాగా తీయాలనుకున్నాడు. దర్శకుడుగా ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీసిన రాబర్ట్ ఫ్లాహర్టీని పంపించాడు. కిప్లింగ్ కథ జరిగేది అస్సాం వైపు గారో కొండల్లో. ఫ్లాహర్టీ మాత్రం 1935లో మైసూరులో మకాం పెట్టాడు. ఎందుకంటే అక్కడ ఏనుగులున్నాయి, ఖెడ్డా ఉంది, మహారాజావారి సాయమూ ఉంది. తూమాయ్ వేషానికి కుర్రాడి కోసం వెతుకుతుంటే గజశాలలో సాబు కంటబడ్డాడు. ముందు చూసింది కెమెరామన్ బొరడైలే అని కొందరంటారు, కాదు ఫ్లాహర్టీయే అని కొందరు. ఎవరు చూసినా ఒకటి మాత్రం నిజం. వాళ్ళు వెతికింది నటించడం వచ్చిన పిల్లవాణ్ణి కాదు. ఏనుగు తొండం మీద కాలుపెట్టి, రెప్పపాటులో మెడమీదికి ఎక్కి, చెవుల వెనక కాలివేళ్ళతో నొక్కుతూ అంత పెద్ద జంతువుని నడిపించగల పిల్లవాణ్ణి. ఆ విద్య ఏ స్టూడియోలోనూ నేర్పరు.

సాబు పక్కన కాలానాగ్ గా రాజావారి ఐరావతాన్ని పెట్టారు. ఎంత పెద్ద ఏనుగో, అంత చిన్న కుర్రాడు. నేను ఆ చిత్రం చూశాను. అందులో కథ కాస్త పాతబడింది. దొరల వేషాలూ పాతబడ్డాయి. కాని ఆ కుర్రాడు ఏనుగు ఒళ్ళు రుద్దే సీను, ఏటిలో దానితో మాట్లాడుకునే సీను వచ్చేసరికి ఇప్పటికీ కళ్ళు పక్కకి తిప్పలేం. అది నటన అయితే కదా పాతబడడానికి!

ఇక్కడే అసలు మెలిక

ఫ్లాహర్టీ ఫుట్ మీద ఫుట్ ఫిల్ము ఖర్చు పెడుతూ అడవిని తీస్తున్నాడు. లండన్ లో కోర్డాకి మాత్రం కథ కావాలి. చివరికి యూనిట్ ని వెనక్కి పిలిపించి, మిగతా భాగాన్ని తన తమ్ముడు జోల్టాన్ చేత డెన్ హామ్ స్టూడియోలో తీయించాడు. అందుకే టైటిల్స్ లో ఇద్దరు దర్శకులు. ‘ఎలిఫెంట్ బాయ్’ 1937లో విడుదలైంది. ఆ యేడే వెనిస్ లో ఇద్దరికీ ఉత్తమ దర్శకులుగా బహుమానం వచ్చింది. సాబు పేరు మారుమోగిపోయింది.

స్టూడియోలో మిగతా సీన్లు తీయాలంటే కుర్రాడు కావాలిగా? అందుకని 1936లో సాబుని, అతని అన్ననీ ఓడ ఎక్కించి ఇంగ్లండు తీసుకుపోయారు. ఐరావతం మైసూరులోనే ఉండిపోయింది.

ఇప్పుడు సినిమా కథ చెబుతాను, వినండి. తండ్రిని పులి చంపేస్తుంది. కాలానాగ్ ని ఒక క్రూరుడైన మావటి చేతికి అప్పగిస్తారు. వాడు హింసిస్తే ఏనుగు ఎదురు తిరుగుతుంది. దాన్ని చంపెయ్యాలంటారు. కుర్రాడు గుండె చెదిరి, అర్ధరాత్రి ఏనుగునెక్కి అడవిలోకి పారిపోతాడు. అక్కడ ఇంతవరకూ ఏ మనిషీ చూడని ఏనుగుల నాట్యం చూస్తాడు. వేటగాళ్ళకి మందని చూపిస్తాడు. అందరూ జేజేలు కొడతారు.

ఏనుగునుంచి తనని విడదీస్తారన్న భయంతో తెరమీద అర్ధరాత్రి పారిపోయిన కుర్రాణ్ణి, నిజంగా ఏనుగునుంచి విడదీసింది ఆ సినిమాయే! ఆ చనువు బాగుందని ఎన్నుకున్నారు. ఎన్నుకున్నాక ఆ చనువునే తెంపేశారు. ఎవరూ దుర్మార్గంతో చెయ్యలేదు. ఇంగ్లండులో అన్నదమ్ములకు లోటు రానివ్వలేదు, కుర్రాణ్ణి స్కూల్లో కూడా వేశారు. సినిమా అవసరం అలాంటిది, అంతే. ఏనుగుకి కుర్రాడు జీవితాంతం కావాలి. సినిమాకి రెండేళ్ళు చాలు.

పెరగనివ్వని పేరు

తరవాత సాబు వెనుదిరిగి చూడలేదు. 1940లో ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ మూడు ఆస్కార్లు కొట్టింది. (బాగ్దాద్ దొంగలంటే మనకీ మోజే. 1968లో అన్నగారి ‘బాగ్దాద్ గజదొంగ’ గుర్తుందిగా!) 1942లో ‘జంగిల్ బుక్’లో మౌగ్లీ. అక్కణ్ణించి హాలీవుడ్. 1944లో అమెరికా పౌరుడయ్యాడు. బి-24 బాంబరు విమానంలో గన్నరుగా పసిఫిక్ యుద్ధంలో పాల్గొని, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం సంపాదించాడు. ఇది వేషం కాదండోయ్, నిజం యుద్ధం!

అంతటి వీరుడు తిరిగొస్తే హాలీవుడ్ ఏమిచ్చింది? 1947లో ‘బ్లాక్ నార్సిసస్’లో ఒక మంచి పాత్ర దక్కింది. అది దాటితే మళ్ళీ తలపాగా, మళ్ళీ అడవి, మళ్ళీ ఏనుగు, పులి. ముప్ఫయ్యేళ్ళు దాటిన మనిషిని లోకం ఇంకా ఏనుగు కుర్రాడుగానే చూసింది. ఏనుగుని వదిలి వెళ్ళినవాణ్ణి ఏనుగు పేరు మాత్రం వదల్లేదు!

మన దేశంలోనైనా ఒక దారి దొరికి ఉండేదేమో. మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’లో బిర్జూ వేషానికి ముందు సాబునే అనుకున్నారు. అది కుదరలేదు. 1957లో వచ్చిన ఆ చిత్రంలో బిర్జూగా సునీల్ దత్ వెలిగిపోయారు. ఇండియాలో పుట్టి ప్రపంచమంతా పేరుపొందిన ఈ తార ఒక్క భారతీయ చిత్రంలోనైనా నటించలేదంటే నమ్ముతారా? 1963 డిసెంబరులో గుండెపోటుతో పోయాడు. వయసు 39. ఐరావతం వంటి ఏనుగుకి అది నడివయసు!

ఆ అడవి ఇప్పుడు

సాబు పోయిన ఎనిమిదేళ్ళకి, 1971లో, కాకనకోటెలో ఆఖరి ఖెడ్డా జరిగింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1974లో కబిని ఆనకట్ట పూర్తయి, ఖెడ్డా జరిగిన నేల చాలావరకు నీళ్ళలో మునిగిపోయింది. చుట్టూ ఉన్న అడవి నాగరహొళె అభయారణ్యం, తరవాత నేషనల్ పార్కు అయింది. ఎండాకాలంలో కబిని నీళ్ళు తగ్గి గడ్డి మొలిస్తే, ఒకప్పుడు వాటిని తరిమిన ఆ నేల మీదికే ఏనుగులు మందలు మందలుగా మేతకి వస్తాయి. మహారాజుల వేట బంగళాలో టూరిస్టులు దిగుతున్నారు. ఇంకో విశేషం. ఈ అడవీ, బండిపూర్ అడవీ, మన ‘అడవి రాముడు’ తీసిన ముదుమలై అడవీ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. సాబు ఏనుగులూ, అన్నగారి ఏనుగులూ చుట్టాలై ఉంటే ఆశ్చర్యం లేదు!

ముదుమలైలోనే తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ 2023లో ఆస్కార్ తెచ్చింది. అందులో బొమ్మన్, బెళ్ళి అనే దంపతులు తల్లిలేని గున్నని సాకుతారు. అది పెద్దదయ్యాక అధికారులు ఇంకొకరికి అప్పగిస్తే వాళ్ళు పడ్డ బాధ చూసి ఊరూ పేరూ తెలియని దేశాలవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. సాబు కథలో కుర్రాడు వెళ్ళిపోయాడు, ఇక్కడ ఏనుగు వెళ్ళిపోయింది. బాధ మాత్రం ఒకటే.

మావటి విద్య ఇంకా అవసరమే సుమా! చిత్తూరు జిల్లాలో పంటల మీదికి వచ్చే ఏనుగుల్ని అడవిలోకి మళ్ళించడానికి 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం కుంకీ ఏనుగుల్ని మనకి ఇచ్చింది. ఆంధ్రా తరఫున అందుకున్నది ఉపముఖ్యమంత్రి హోదాలో పవన్ కల్యాణ్. ఫొటోలన్నీ హీరోగారివి, ఏనుగులవి. తాడు పట్టుకుని పక్కన నిలబడ్డవాళ్ళని ఎందరు చూసి ఉంటారు?

2016లో హాలీవుడ్ మళ్ళీ ‘జంగిల్ బుక్’ తీసింది. ఒక్క మౌగ్లీ కుర్రాడు తప్ప జంతువులన్నీ కంప్యూటరువే. అడవి కూడా లాస్ ఏంజెలిస్ స్టూడియోలోదే. మన దగ్గర కూడా 2001 నాటి నిబంధనల ప్రకారం జంతువుల్ని నటింపజేయాలంటే అనుమతి తీసుకోవాలి. ఏనుగుకి ఇది మంచిదే, నేను సంతోషిస్తాను. కాని పిల్లల సంగతేమిటి? సహజంగా ఉన్నాడని ఏ గూడెం నుంచో, ఏ మురికివాడ నుంచో ఒక కుర్రాణ్ణి తెచ్చి, సినిమా ఆడాక మర్చిపోయే అలవాటు మనకి ఇంకా పోలేదు. ఏనుగు కోసం ఒక కాగితం అడుగుతున్నాం. కుర్రాడికి రేపు ఏమిటని కూడా ఒక మాట అడిగితే బాగుండును.

సాబు కూతురు జాస్మిన్ పెరిగి పెద్దదై ఏం చేసిందో తెలుసా? సినిమాల కోసం గుర్రాలకు తర్ఫీదు ఇచ్చింది. కారాపురం ఏనుగుల సాలలో పుట్టిన విద్య సముద్రాలు దాటి, ఓ తరం గడిచి అలా బయటపడింది.

ఈసారి ఏనుగు ఉన్న సినిమా ఏదైనా చూస్తే, కథ మధ్యలో లేచి వెళ్ళినా ఫర్వాలేదు గాని, టైటిల్స్ చివరిదాకా కూర్చోండి. మావటి పేరు కోసం వెతకండి. కనబడితే నాకో ఉత్తరం ముక్క రాయండి. ఆ నిర్మాతగారి పేరు ఈ కాలమ్ లో పెద్ద అక్షరాలతో వేయిస్తాను!