వయసును ఒప్పుకోండి, వ్యాధిని కాదు

"వయసు మీద పడింది కదా, ఇక ఇంతే!" వడ్డేపల్లి, శాంతినగర్, అయిజ, అలంపూర్ ప్రాంతాల్లో అరవై దాటినవారి నోట ఈ మాట తరచుగా వినవస్తుంది. తెలుగువారున్న ప్రతిచోటా వినిపించే మాటే ఇది. అయితే దీనికి రెండు అర్థాలున్నాయి. మొదటిది, చేయవలసినది చేశాను, ఇక నెమ్మదిగా ఉంటానన్న తృప్తి. రెండవది, నా బాధ చెప్పుకుంటే పిల్లలకు భారమవుతానన్న సంకోచం. పైకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. మొదటిది మనిషిని నిలబెడుతుంది, రెండవది లోలోపల కుంగదీస్తుంది. వార్ధక్యంలో సంతృప్తిని గురించి ఆలోచించే ప్రతివారూ ముందుగా ఈ రెండింటినీ వేరుచేసి చూడాలని నా మనవి.

శరీరంలో కొన్ని మార్పులు వయసుతో సహజంగా వచ్చేవే. నలభై దాటగానే దగ్గరి అక్షరాలు మసకబారుతాయి. ముప్ఫై ఏళ్ల తరువాత కండరాల రాశి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఆ తరుగుదల మరింత వేగవంతమవుతుంది. నిద్ర పలుచబడుతుంది. తెలిసిన పేరే నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. నడక నెమ్మదిస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు, సిగ్గుపడవలసినదీ లేదు. వీటిని ఒప్పుకున్నవారికి మనశ్శాంతి దొరుకుతుంది.

వయసు ఖాతాలో వేయకూడనివి వేరే ఉన్నాయి. కంటిలో శుక్లం, నలుగురిలో మాట వినబడకపోవడం, నాలుగడుగులకే ఆయాసం, మూత్రం ఆపుకోలేకపోవడం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం, రెండు వారాలకు మించి ఏ విషయంపైనా ఆసక్తి లేకుండా దిగులుగా ఉండడం. ఇవన్నీ పరీక్ష చేయించవలసినవి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, పూర్తిగా నయం కానివాటికి ఉపశమనమైనా ఉంది. మోకాళ్ల నొప్పి కూడా, బరువు తగ్గించుకుని తొడ కండరాలకు తగిన వ్యాయామం ఇస్తే, చాలామందికి తగ్గుముఖం పడుతుంది.

మన ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి ముఖ్యమైన వ్యవసాయం. ఆ చేలలో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. దానికి చూపు నిశితంగా ఉండాలి. శుక్లం ముదిరిన అవ్వ చేనుకు వెళ్లడం మానేస్తే, "ముసలిదైపోయింది" అని ఇంటివారు అనుకుంటారు, ఆమె కూడా అలాగే అనుకుంటుంది. నిజానికి ఆమెకు కావలసింది ఒక చిన్న శస్త్రచికిత్స. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలైంది. చికిత్స అందుబాటులో ఉన్న గుడ్డితనాన్ని సంతృప్తి పేరుతో భరించడం నా దృష్టిలో వివేకం కాదు.

దీనికి వ్యతిరేక దిశలో మరొక పొరపాటు జరుగుతుంది. వయసును ససేమిరా ఒప్పుకోకపోవడం. పాలమూరు నేల మీద మనిషి విలువను కాయకష్టంతో కొలవడం అలవాటు. ఇక్కడి కూలీలు వలస వెళ్లి దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ కట్టారు. అటువంటి జీవితం గడిపినవారికి బలం తగ్గితే తమ విలువే తగ్గినట్లు తోస్తుంది. అందుకే నలభై ఏళ్లనాటి బరువును అరవై అయిదేళ్లకూ మోయాలని రోజూ నొప్పి మాత్రలు మింగుతారు. వైద్య సలహా లేకుండా దీర్ఘకాలం వాడే ఈ మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, రక్తపోటు పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. గౌరవం కోసం చేసిన శ్రమ చివరకు పూర్తిగా ఇతరులపై ఆధారపడే స్థితికి తెస్తుంది.

మరి మధ్యేమార్గం ఏది? గద్వాల, రాజోలి నేత కుటుంబాల్లో అది కనిపిస్తుంది. గుంట మగ్గంలో కాళ్లాడించే శక్తి తగ్గిన పెద్దలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. కండె లేనిదే నాడె నడవదు, నాడె నడవనిదే చీర లేదు. మనిషి స్థానం మారినా పనిలో అతని అవసరం తీరిపోలేదు. వార్ధక్యాన్ని అధ్యయనం చేసిన జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ దీనినే సిద్ధాంతంగా వివరించాడు. ఆయన తరచు చెప్పిన ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్. ఎనభై ఏళ్ల వయసులో రూబిన్‌స్టీన్ తక్కువ రచనలు ఎంచుకునేవాడు, వాటినే ఎక్కువ సాధన చేసేవాడు, వేగంగా వాయించవలసిన చోటికి ముందు కాస్త నెమ్మదించేవాడు. అప్పుడు తరువాతి భాగం వేగంగా వినిపించేది. నేత ఇంటి పెద్దకూ ఆ విద్వాంసునికీ తెలిసినది ఒక్కటే: అన్నీ చేయలేకపోవడం వేరు, ఏమీ చేయలేకపోవడం వేరు.

మనం వయసును చూసే తీరు ఆరోగ్యాన్ని కూడా తాకుతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో యాభై దాటిన 660 మందిని దీర్ఘకాలం గమనించిన ఒక అధ్యయనాన్ని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెకా లెవీ బృందం 2002లో ప్రచురించింది. తమ వృద్ధాప్యాన్ని సానుకూలంగా చూసినవారు, అలా చూడనివారికంటే సగటున 7.5 ఏళ్లు ఎక్కువ జీవించారు. మంచి ఆలోచన రోగాన్ని నయం చేస్తుందని దీని అర్థం కాదు. అయితే "నాకింకా విలువ ఉంది" అనుకునే మనిషి మాత్ర మానడు, నడక మానడు, పరీక్షను వాయిదా వేయడు. "ఇక ఇంతే" అనుకునేవాడు మూడూ వదిలేస్తాడు. అనుభవంలో ఇది ఏ వైద్యుడైనా చూసే సంగతే.

మీకు అరవై దాటినట్లయితే, ఇలా చేసి చూడండి. ఏడాదికొకసారి కన్ను, చెవి, రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి. రోజూ అరగంట మీ వేగానికి తగినట్లు నడవండి. కండరాలకు బలమిచ్చే పప్పు, పాలు, గుడ్డు భోజనంలో తగ్గనీయకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి ఆహారం నిర్ణయించుకోవాలి. ఇంట్లో మీదంటూ ఒక పని ఉంచుకోండి, అది మనవడికి లెక్కలు చెప్పడమైనా, కూరగాయల పాదు చూడడమైనా సరే. మనసు బరువెక్కితే 14416 టెలీ మానస్‌కు, ఇంట్లో నిరాదరణ ఎదురైతే వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి. సహాయం అడగడం కూడా తనను తాను గౌరవించుకోవడమే.

హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ ఒక మాట. ఫోనులో "బాగున్నావా?" అని అడిగితే అమ్మ "బాగానే ఉన్న" అంటుంది. మరికాస్త వివరంగా అడగండి: "సూదిలో దారం ఎక్కించగలుగుతున్నావా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? నిన్న ఎవరింటికి వెళ్లావు?" ఆ జవాబుల్లో ఆమె వయసెంతో, వ్యాధి ఎంతో మీకే తెలుస్తుంది. వయసుకు తోడుగా ఉండండి, వ్యాధికి వైద్యం చేయించండి.